గేటు ముందు పోస్టు డబ్బాకు పాత ఇనుముతో స్తంభం చేద్దామనుకుంటున్నా, సలహా చెప్పండి

గుంటక_గేటు (హన్మకొండ)
జూన్ 21, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మూడేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

మా ఇల్లు రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. గేటుకు తాళం వేసి డ్యూటీకి పోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరాలు గేటు సందులో గుచ్చి పోతాడు. పోయిన వారం వానకు అమ్మ తెప్పించుకునే పత్రిక ముద్దయిపోయింది. ఎల్ఐసీ నోటీసును ఆవు తిన్నది. అబద్ధం కాదు, సగం ముక్క ఇంకా నా దగ్గరే ఉంది.

రేకు డబ్బా కొని గోడకు బిగిస్తే పని అయిపోతుందని తెలుసు. కానీ ఊర్లో పాత ఇల్లు విప్పుతుంటే కొట్టంలో ఒక కుప్ప ఇనుము బయటపడింది. నాయన వాడిన నాగటి కర్రులు నాలుగు, బండి గిర్రకు తొడిగే పట్టా ఒకటి, గడ్డి కోసే మిషన్ చక్రం, లారీ కమాన్ పట్టీలు (స్ప్రింగు పట్టీలు) మూడు, సైకిల్ పళ్ల చక్రాలు, చైన్లు, బోరింగ్ నుంచి తీసిన పైపు ఎనిమిది అడుగులు. పాత ఇనుము కొనేవాడు తూకానికి అడిగాడు. ఇయ్యబుద్ధి కాలేదు.

వీటితో స్తంభం చేసి పైన పోస్టు డబ్బా పెట్టాలని ఉంది. చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్, నాలుగు అంగుళాల గ్రైండర్ ఉన్నాయి. చేయి అంతంత మాత్రం. ఇంటి కిటికీ చువ్వలకు నేనే అతుకులు పెట్టాను, అవి ఇంకా ఊడలేదు.

ప్లాన్ ఏమిటంటే పైపు నిలువుగా, మధ్యలో చక్రం, పైన కమాన్ పట్టీలు వంపుగా పెట్టి కాకతీయ తోరణం లెక్క. ఎక్కడ తప్పు చేయబోతున్నానో ముందే చెప్పండి.


రాడ్_అన్న (వరంగల్)
జూన్ 21, రాత్రి 10:25

తమ్మీ, నువ్వు చెప్పిన సామానులో వెల్డింగ్ రాడ్ పెట్టగానే మాట వినేది ఒక్క బండి పట్టానే. మిగిలిన ప్రతిదానికీ ఒక పేచీ ఉంది.

పైపు జీఐ అయి ఉంటుంది, అంటే పైన జింక్ పూత. చక్రం పోత ఇనుము. కమాన్ పట్టీ స్ప్రింగు ఉక్కు. సైకిల్ పళ్ల చక్రాల మీద క్రోమ్ మెరుపు ఉంటుంది. నాగటి కర్రు సంగతి దాన్ని చేసిన కమ్మరికే తెలియాలి. అన్నీ నల్లగానే కనిపిస్తాయి, అన్నిటికీ అయస్కాంతం అంటుకుంటుంది. అందుకే అందరూ మోసపోతారు.

రాడ్ ముట్టించే ముందు ఒక పని చేయి. చీకటి పడ్డాక ఒక్కో సామాను అంచును గ్రైండర్‌కు ఆనించి నిప్పురవ్వలు చూడు. మామూలు ఎం.ఎస్. (మెత్తటి ఉక్కు) ఇనుమైతే రవ్వలు పొడుగ్గా, పసుపు తెలుపుగా గీతల్లా పోతాయి, చివర్లో ఒకటి రెండు చీలికలు. కమాన్ పట్టీ అయితే కాకరపువ్వొత్తి లెక్క ప్రతి గీతా పగిలి పువ్వులు పూస్తుంది, కార్బన్ ఎక్కువ కాబట్టి. పోత ఇనుమైతే పొట్టిగా, మసక ఎరుపుగా రాలిపోతాయి. ఒకసారి చూస్తే జన్మలో మర్చిపోవు.


గుంటక_గేటు
జూన్ 22, ఉదయం 7:05

రాత్రే చూశాను అన్నా. మీరు చెప్పినట్టే. పట్టీ రవ్వలు చూసి మా చిన్నోడు దీపావళి అని గంతులు వేశాడు. చక్రం నుంచి అసలు రవ్వలు వచ్చినట్టే లేదు, ఎర్రటి పొడి రాలింది.


చింతగట్టు_అక్క
జూన్ 22, ఉదయం 11:30

ఆ పైపు గురించి నేను చెప్పాలి, ఎందుకంటే దెబ్బ తిన్నదాన్ని.

రెండేళ్ల కింద మిద్దె మీద పందిరికి జీఐ పైపులు నేనే వెల్డింగ్ చేసుకున్నా. వాన పడుతుందని షెడ్డులో తలుపు దగ్గరికి వేసి చేశాను. తెల్లటి పొగ, నోట్లో తియ్యగా ఒక రుచి. పట్టించుకోలేదు. రాత్రి ఎనిమిదింటికి చలి మొదలైంది, రెండు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు. మలేరియా అనుకుని తెల్లారి రక్త పరీక్ష చేయిస్తే ఏమీ లేదు. మర్నాటికి దానంతట అదే పోయింది. తర్వాత డాక్టరు అడిగి అడిగి వెల్డింగ్ విషయం బయటికి లాగాడు, జింక్ పొగ జ్వరమట. పొగ పీల్చిన కొన్ని గంటలకు గానీ బయటపడదు, అందుకే రెంటికీ సంబంధం మనకు తట్టదు.

ఇనుము కరగడానికి దాదాపు 1500 డిగ్రీలు కావాలి. జింక్ 907 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. అంటే మనం అతుకు వేసేలోపే పూత మొత్తం గాలిలో ఉంటుంది. పని చేసే ముందు బెల్లం తింటే, పాలు తాగితే ఏమీ కాదని చెబుతారు. నేను తిన్నాను, తాగాను కూడా. కడుపు నిండింది అంతే.


రాడ్_అన్న
జూన్ 22, మధ్యాహ్నం 1:15

అక్క చెప్పింది అక్షరాలా నిజం. మా దగ్గర పిల్లలు ఇప్పటికీ బెల్లం ముక్క జేబులో పెట్టుకుంటారు. నేను మాస్క్ చేతికి ఇస్తా, దాన్ని మెడకు వేలాడేసుకుంటారు.

పైపే వాడాలంటే అతుకు పడేచోట రెండు అంగుళాల మేర పూతను గ్రైండర్‌తో నల్ల ఇనుము తేలేదాకా తీయి, అప్పుడు కూడా మాస్క్ ఉండాలి. ఆరుబయట, గాలి పక్క నుంచి కొట్టేలా నిలబడి చేయి. పళ్ల చక్రాల మీద క్రోమ్ కూడా అట్లనే తీయాలి, ఆ పొగ జింక్ కంటే చెడ్డది, క్యాన్సర్ దాకా పోతుంది. నన్ను అడిగితే పైపు వదిలేసి రెండు అంగుళాల చదరపు ట్యూబు ఒక ముక్క కొను. అంతా పాతదే ఉండాలని ఒట్టు ఏమీ లేదు కదా.


లోకోషెడ్_రిటైర్డ్ (కాజీపేట)
జూన్ 22, సాయంత్రం 6:50

నేను సమర్థిస్తున్నాను. బోరింగులో ఏళ్ల తరబడి నీళ్లలో ఉన్న పైపు లోపల ఎంత తిన్నదో బయటికి తెలియదు. ఇంకొక మాట, ఎవరూ అనలేదు. కుప్పలో పాత బండి షాక్ అబ్సార్బరో, పెట్రోలు ట్యాంకో ఉంటే అందంగా ఉందని ముట్టుకోకండి. షాక్‌లో ఒత్తిడితో గ్యాసు, ఆయిలు ఉంటాయి. ట్యాంకు ఎండిపోయి పదేళ్లయినా లోపల ఆవిరి చాలు. ముప్పై ఏళ్లు షెడ్డులో పని చేసినవాణ్ణి, పేలాక ఎట్లా ఉంటుందో చూశాను. అది ఇక్కడ రాయను.

సైకిల్ చైన్లను కిరోసిన్‌లో నానబెట్టి కడిగి, ఎండలో పూర్తిగా ఆరాక వాడండి. గ్రీజు ఉంటే అతుకులో బుడగలు వస్తాయి, కిరోసిన్ తడి ఉంటే మంటలు.


బడిపంతులు_చరిత్ర
జూన్ 22, రాత్రి 8:10

వెల్డింగ్ నాకు రాదు. తోరణం గురించి మాత్రం ఒక మాట. కమాన్ పట్టీ వంపుతో తోరణం ఎట్లా వస్తుంది? వరంగల్ ఖిల్లాకు పోయి ఒకసారి చూసి రండి. మన కీర్తి తోరణాల్లో గుండ్రటి కమాను లేదు. నిలువు స్తంభాలు, ఏటవాలుగా ఎదురొచ్చే రాతి దూలాలు, వాటి మీద అడ్డంగా తిన్నటి పెద్ద దూలం, కొసలకు హంసలు. పైన గుండ్రంగా వంచి వేసేది సిమెంటు వాళ్లు చేసిన తోరణం.

అయినా బస్టాండు మీద తోరణం, స్వీట్ షాపు మీద తోరణం, పెళ్లి కార్డు మీద తోరణం. పోస్టు డబ్బానైనా వదిలేయరాదా?


గ్రైండర్_గాడు
జూన్ 22, రాత్రి 8:32

పంతులు గారూ, ఆయన ఇల్లు, ఆయన ఇనుము. వరంగల్‌లో పుట్టి తోరణం పెట్టుకోక ఈఫిల్ టవర్ పెట్టుకుంటాడా.


బడిపంతులు_చరిత్ర
జూన్ 22, రాత్రి 8:41

పెట్టుకుంటే ఖిల్లాలో ఉన్నదే పెట్టుకోమంటున్నా నాయనా.


కొలిమి_పిల్లడు (జగిత్యాల)
జూన్ 23, ఉదయం 6:20

మాది కమ్మరి ఇల్లు. తాత కొలిమి నేను చూశాను, నాన్న ఆటో నడుపుతాడు, నేను ఐటీఐ ఫిట్టర్.

అన్నా, మీ బండి పట్టా ఊరికే పారేసేది కాదు. దాన్ని గిర్ర కంటే కొంచెం చిన్నగా చుట్టి, చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాల్చేవారు. వేడికి సాగగానే నలుగురు పట్టకార్లతో ఎత్తి చెక్క గిర్ర మీద దించి నీళ్లు గుమ్మరించేవారు. చల్లారి బిగుసుకుంటే చెక్కలన్నీ ఒక్కటయ్యేవి. మేకు అక్కర లేదు. ఆ పట్టాలో కమ్మరి కొట్టిన అతుకు ఒక చోట ఉంటుంది, కొంచెం మందంగా. దాన్ని గ్రైండర్‌తో చదును చేయకండి, రోడ్డు వైపు కనబడేలా పెట్టండి.

నాగటి కర్రును రాడ్‌తో అతికించేముందు మొన దగ్గర, తోక దగ్గర రవ్వలు వేరువేరుగా చూడండి. కొన్నింటికి మొనకే గట్టి ఉక్కు ఉంటుంది, తోక మెత్తటి ఇనుము. తోక దగ్గర అతుకు పెట్టుకుంటే బాధ లేదు. మా తాతకు ఈ రవ్వల పరీక్ష తెలియదు, ముక్క విరిచి లోపలి గింజ చూసి చెప్పేవాడు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు ముద్దలను పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కొనుక్కుపోయిన రోజులున్నాయి, డమాస్కస్ కత్తుల కోసం. కార్బన్ అన్న పేరు తెలియకుండానే దాంతో ఆడుకున్నారు మనవాళ్లు.

పీఠం దగ్గర కర్రులు పెట్టేటట్టయితే మొనలు కిందికి తిప్పండి. మీ చిన్నోడి కండ్ల ఎత్తుకు వస్తాయి అవి.


గుంటక_గేటు
జూన్ 23, రాత్రి 9:55

తమ్మీ, ఇది చదివి అమ్మకు వినిపించాను. మా ఊరి కమ్మరికి ఏటా కల్లం కాడ మేర (పనికి ఇచ్చే ధాన్యం) కొలిచేవాళ్లమని చెప్పింది. పట్టా మీద అతుకు దొరికింది. బొటనవేలంత మందం.

తోరణం ఆలోచన విరమించుకున్నాను. పంతులు గారి మాట కోసం కాదు, కమాన్ పట్టీ అసలు వంగనంటున్నది.


డాక్_బాబు
జూన్ 24, మధ్యాహ్నం 2:20

నేను డబ్బాల్లో ఉత్తరాలు వేసే ఉద్యోగంలో ఉన్నాను. స్తంభం ఎంత అందంగా చేసినా డబ్బా పనికొచ్చేలా చేయండి సార్, దండం పెడతా.

బండి దిగకుండా, ఒక కాలు కింద పెట్టి వేయగలగాలి. నాలుగు అడుగుల దగ్గర సందు ఉంటే సరిపోతుంది. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు, కవరు దాని కంటే కొంచెం పెద్దది, కాబట్టి సందు 24 సెంటీమీటర్లకు తగ్గొద్దు. ఎత్తు మూడున్నర చాలు, ఎక్కువైతే చేయి పెట్టి తీసేవాళ్లుంటారు. సందు మీద రెండు అంగుళాల చూరు దించండి. రేకు అంచును లోపలికి మడవండి, నా వేళ్ల మీద ఎన్ని గాట్లున్నాయో చూపిస్తే మీరే జాలి పడతారు. అడుగున రెండు చిన్న బెజ్జాలు పెట్టండి, నీరు నిలవకుండా.

స్పీడ్ పోస్టు డబ్బాలో వేయం, చేతికే ఇవ్వాలి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు కూడా దాంట్లోనే కలిసింది. కాబట్టి డబ్బా పెట్టాం కదా చెక్ బుక్ అందులోనే ఉంటుందని అనుకోకండి. పేరు, ఇంటి నంబరు రాయండి.

మరో సంగతి. దయచేసి ఎర్ర రంగు వేయకండి.


గుంటక_గేటు
జూన్ 24, సాయంత్రం 7:15

సార్, కొలతలన్నీ రాసుకున్నా. ఎర్ర రంగు ఎందుకు వద్దు? మా ఇంటావిడ అప్పటికే డబ్బా కొనేసింది.


డాక్_బాబు
జూన్ 24, రాత్రి 10:02

మీకే తెలుస్తుంది లెండి.


డల్లాస్_పరకాల
జూన్ 25, ఉదయం 5:45

ఇక్కడ అమెరికాలో మా వీధి నిండా ఇవే. చేపలు, గుర్రాలు, ట్రాక్టర్ చైన్లు పేర్చి వెల్డింగ్ చేసిన స్తంభాలు. కానీ తమాషా ఏంటంటే తపాలా శాఖ అవి వద్దంటుంది. ఇక్కడ పోస్ట్‌మ్యాన్ బండిలోంచే చేయి చాచి వేస్తాడు కాబట్టి డబ్బా అడుగు భాగం రోడ్డు మట్టం నుంచి 41 నుంచి 45 అంగుళాల ఎత్తులో, రోడ్డు అంచుకు 6 నుంచి 8 అంగుళాలు వెనక ఉండాలి. స్తంభం నాలుగంగుళాల చెక్కో, రెండంగుళాల పైపో చాలు, భూమిలో 24 అంగుళాలకు మించి దింపొద్దు. ఎందుకంటే కారు వచ్చి గుద్దితే స్తంభమే వంగాలి, మనిషి కాదు. బరువైన పైపులు, కాంక్రీటు, పాత వ్యవసాయ సామాను పెట్టొద్దని పేరు పెట్టి మరీ చెబుతారు.

నీ నాగటి కర్రులు ఇక్కడైతే చెల్లవు మామా.


చింతగట్టు_అక్క
జూన్ 25, ఉదయం 10:10

ఇక్కడ కారు కాదు, రాత్రి పూట బైకు మీద వచ్చే పిల్లగాడు. గుద్దుకునే ప్రమాదం మనకూ ఉంది. స్తంభాన్ని మోరీ అవతల రోడ్డు అంచున పెట్టకండి. మీ ప్రహరీ గీత లోపలే, గేటు స్తంభానికి ఆనుకుని పెట్టండి. మున్సిపాలిటీ వాళ్లు మోరీ తవ్వడానికి వచ్చినా మీ ఇనుము జోలికి రారు.


గుంటక_గేటు
జూలై 6, రాత్రి 11:50

తప్పు జరిగింది. తిట్టేవాళ్లు తిట్టండి.

ట్యూబు కొన్నాను, పట్టా చుట్టు కుదిరింది. గడ్డి మిషన్ చక్రం దాని మధ్యలో పెడితే ఎంత అందంగా ఉందంటే, ‘ఒక్క చిన్న ట్యాక్ (చుక్క అతుకు) పెడితే ఏమవుతుంది’ అనుకున్నా. 2.5 రాడ్, 80 యాంపియర్లు, మామూలు 6013 రకం. మూడు ట్యాకులు పెట్టాను. గట్టిగానే పట్టుకున్నాయి. అన్నం తిని పడుకుంటే పదిన్నరకు ‘టక్’ మని చప్పుడు. దొంగ అనుకుని లైటు వేశాను. ట్యాకు పక్కనే చక్రం ఆకు మీద వెంట్రుకంత పగులు, ఒక కొస నుంచి ఇంకో కొస దాకా.

నాయన చిన్నప్పుడు తిప్పిన చక్రం అది. కూర్చుని కాసేపు దాన్ని చూస్తూ ఉండిపోయా.


రాడ్_అన్న
జూలై 7, ఉదయం 6:15

తిట్టను. నేనూ పగలగొట్టినవాణ్ణే, అదీ గిరాకీవాళ్ల మోటారు బాడీ.

పోత ఇనుములో కార్బన్ 2 శాతం పైనే ఉంటుంది. అది సాగదు. నువ్వు పెట్టిన ట్యాకు దగ్గర ఒక్క చోట మండి, చుట్టూ చల్లగా ఉంది. చల్లారేటప్పుడు ఆ చోటు కుదించుకుంటూ లాగుతుంది, సాగే గుణం లేనిది పగులుతుంది. నికెల్ రాడ్ పెట్టి, చక్రం మొత్తం వేడి చేసి, అంగుళం అంగుళం అతికించి, ప్రతి ముక్కనూ చిన్న సుత్తెతో తట్టి, చివరికి పొడి బూడిదలో పూడ్చి రాత్రంతా చల్లారనివ్వాలి. అంతా చేసినా నేను గ్యారంటీ ఇవ్వను.

నీకు ఆ బాధ దేనికి? చక్రం మధ్యలో ఇరుసు బెజ్జం ఉంది కదా. దాంట్లోంచి ఒక ఎం.ఎస్. రాడ్ దూర్చి రెండు పక్కలా నట్టు బిగించు. చక్రానికి మంట తగలదు. తిరుగుతుంది కూడా. పగులు కొసల్లో సన్న బెజ్జం వేస్తే ఇంకా పాకదు. కమాన్ పట్టీకి కూడా నడుమ బోల్టు బెజ్జం ఉంటుంది, దాన్నే వాడుకో. అతికించలేనిదాన్ని బోల్టుతో బిగించాలి, దీంట్లో నామోషీ ఏమీ లేదు.


లోకోషెడ్_రిటైర్డ్
జూలై 7, ఉదయం 9:00

పునాది గురించి. ట్యూబును నేరుగా కాంక్రీటులో పాతకండి. కాంక్రీటు, గాలి కలిసే చోట మొదట సిలుం పడుతుంది, ఐదేళ్లకు అక్కడే తెగుతుంది. ఎనిమిది అంగుళాల చదరపు ప్లేటు, 8 ఎం.ఎం. మందం, నాలుగు మూలలా 12 ఎం.ఎం. బోల్టులు. ప్లేటు కింద కూడా నట్లు పెడితే నిటారు సరిచేసుకోవచ్చు. గుంత అడుగున్నర చదరం, రెండు అడుగుల లోతు. మీది రేగడి నేల అయితే వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది, అడుగున మొరం వేసి దట్టించండి. కాంక్రీటు నేల మీదికి రెండు అంగుళాలు లేచి, వాలుగా ఉండాలి. వారం రోజులు తడపండి.


గ్రైండర్_గాడు
జూలై 7, ఉదయం 9:20

రంగు వేయొద్దన్నా! తుప్పు రంగే అందం. పైన క్లియర్ (రంగు లేని వార్నిష్) కొట్టు చాలు.


రాడ్_అన్న
జూలై 7, మధ్యాహ్నం 12:40

మన వానకు క్లియర్ రెండు కార్తెలు ఆగదు. పొర కింద తుప్పు పాకి పొట్టులా లేస్తుంది, అప్పుడు మొత్తం గీకాలి. తీగ బ్రష్‌తో రుద్ది, ముసురు లేని రోజు చూసి ప్రైమర్ రెండు చేతులు, ఆ తర్వాత రంగు. అదే రోజు వేయాలి, రుద్ది రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది.


గుంటక_గేటు
ఆగస్టు 2, సాయంత్రం 5:30

నిలబెట్టాను. చక్రం బోల్టు మీద ఉంది, వచ్చిన ప్రతివాడూ ఒకసారి తిప్పి పోతున్నాడు. కమాన్ పట్టీ నడుమ బెజ్జంతో పైన కూర్చుంది, చూరు లెక్క పనికొచ్చింది. కర్రులు నాలుగూ మొనలు కిందికి. పట్టా అతుకు రోడ్డు వైపే ఉంది. పిన్ కోడ్ అంకెలను సైకిల్ చైన్‌తో వంచి పెట్టాను, 506001. సున్నాలు తేలిక, ఐదుకు ఒక సాయంత్రం పట్టింది. డబ్బా రేకును 2 ఎం.ఎం. రాడ్‌తో కూడా మూడు చోట్ల కాల్చి బెజ్జం పెట్టాను, ఆ వైపు గోడకు తిప్పాను.

డబ్బాకు ఎర్ర రంగే వేశాం. ఇంట్లో నా మాట చెల్లలేదు.


కొలిమి_పిల్లడు
ఆగస్టు 2, రాత్రి 8:45

ఫొటోలో చక్రం పగులు కనబడుతోంది. దాచకుండా మంచి పని చేశారు. దసరాకు దానికీ పసుపు కుంకుమ పెట్టండి అన్నా.


గుంటక_గేటు
రాఖీకి మూడు రోజుల ముందు, ఉదయం 8:10

డాక్_బాబు సార్, ఉన్నారా? ఇవాళ డబ్బా తెరిస్తే నాలుగు కవర్లున్నాయి. ఒక్కటీ మాది కాదు. అన్నీ రాఖీలు. ఒకటి సిరిసిల్లకు, ఒకటి షోలాపూర్‌కు, రెండు హైదరాబాద్‌కు. స్టాంపులు కూడా అంటించారు.


డాక్_బాబు
రాఖీకి మూడు రోజుల ముందు, ఉదయం 8:25

చెప్పానా సార్! ఎర్ర డబ్బా, పైన పిన్ కోడ్, ఎవరైనా ఇంకేం అనుకుంటారు. ముందు ఆ కవర్లు పట్టుకుని ఇప్పుడే హెడ్ పోస్టాఫీసుకు పోండి, షోలాపూర్‌ది ఇవాళ బండి ఎక్కాలి. వచ్చేటప్పుడు పచ్చ రంగు ఒక డబ్బా తెచ్చుకోండి.